లోతు చూపే పెట్టె, దాని వెనక వైర్లు

చిన్న బోటులో ఎకో సౌండర్ పనిచెయ్యడం మానేస్తే ముందు నింద పడేది తెర ఉన్న పెట్టె మీదే. దాన్ని విప్పి పట్నం తీసుకెళ్ళి షాపులో బల్ల మీద పెట్టి కరెంటిస్తే శుభ్రంగా వెలుగుతుంది. ఇందులో లోపమేం లేదని చెప్పి తిరిగిచ్చేస్తారు. బోటులో పెట్టగానే మళ్ళీ అదే తంతు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లోని మరబోట్లయినా, ఉప్పాడ ఒడ్డున ఇసుక మీదికి లాగిన ఫైబర్ బోట్లయినా, అమెరికా సరస్సుల్లో సెలవు రోజున తిరిగే సరదా బోట్లయినా ఈ కథ ఒక్కటే. పెట్టె మారుస్తారు, డబ్బు పోతుంది, జబ్బు మాత్రం వైరులోనే ఉండిపోతుంది.

ఈ సమస్య మీద మూడు చోట్ల నుంచి సలహాలు దొరుకుతాయి. పెట్టెతో పాటు వచ్చే మాన్యువల్ ఒకటి. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ లాంటి సంస్థలు రాసిన వైరింగ్ ప్రమాణాలు రెండోవి. రేవుల్లోని ఎలక్ట్రీషియన్ల చేతుల్లో ఉన్న అనుభవం మూడోది. ఈ మూడూ కొన్ని విషయాల్లో కలుస్తాయి, కొన్నిటిలో కొట్టుకుంటాయి. మాన్యువళ్ళతో నాకున్న పేచీ ఏమిటంటే, అవి లోపాలను తెర మీద కనిపించే దాన్నిబట్టి విభజిస్తాయి: తెర ఖాళీగా ఉంటే ఇది చూడండి, అంకె మినుకుతుంటే అది చూడండి అని. కానీ బ్యాటరీ నీరసపడినా, వైరు కొసనున్న లగ్గుకు చిలుము పట్టినా, నీళ్ళలోకి శబ్దం పంపి అందుకునే ట్రాన్స్‌డ్యూసర్ కింద గాలి బుడగలు చేరినా, కేబులు నలిగినా తెర మీద కనిపించేది ఇంచుమించు ఒకటే, లోతు అంకె ఉండాల్సిన చోట మూడు గీతలు. తెర ఏం చూపిస్తోందన్న దానికంటే అంకె ఎప్పుడు పోతోందన్న ప్రశ్న ఎక్కువ పని చేస్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడా, వీహెచ్‌ఎఫ్‌లో మాట్లాడినప్పుడా, వేగం పెంచినప్పుడా, లైట్లు వేసిన తర్వాతా, వాన పడ్డ మర్నాడా? సగం పరీక్ష ఆ జవాబులోనే అయిపోతుంది.

పెట్టె చేసే పని కొంచెం తెలిస్తే వైరుకు ఇంత ప్రాముఖ్యం ఎందుకో అర్థమవుతుంది. ట్రాన్స్‌డ్యూసర్‌లో ఒక పింగాణీ బిళ్ళ ఉంటుంది. విద్యుత్తు ఇస్తే అది అదురుతుంది, అదిరిస్తే విద్యుత్తు పుట్టిస్తుంది. స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టిన గుణం ఇదే. పెట్టె వందల వోల్టుల చిన్న తాపు (పల్స్) ఒకటి పంపుతుంది. బిళ్ళ సాధారణంగా 50 లేదా 200 కిలోహెర్ట్జ్ దగ్గర అదిరి నీళ్ళలోకి శబ్దం వదులుతుంది. సముద్రపు నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. 15 మీటర్ల లోతుకు వెళ్ళి రావడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. తిరిగొచ్చిన ప్రతిధ్వని అదే బిళ్ళను తాకి, అదే కేబులు మీదుగా పెట్టెకు చేరుతుంది. ఈసారి దాని బలం ఒక్కోసారి మైక్రోవోల్టుల్లోనే ఉంటుంది. వందల వోల్టులు వెళ్ళిన దారిలోనే అంత సన్నని సంకేతం వెనక్కి రావాలి. ఇంత సున్నితమైన పని చేసే వైర్లు బోటులో అరుదు. (పెట్టె నడుస్తుండగా ఆ కేబులు కొసలను చేత్తో ముట్టుకోవద్దనడం ఆ వందల వోల్టుల వల్లే.)

చరిత్ర మీద ఎక్కువసేపు ఆగను. టైటానిక్ మునిగిన రెండేళ్ళకు, 1914లో, ఫెసెండెన్ అనే ఇంజనీరు శబ్దంతో మంచుకొండ జాడ పట్టాడు. ఆ ప్రయత్నంలోనే సముద్రం అడుగు నుంచీ ప్రతిధ్వని వచ్చింది. 1917 నాటికి ఫ్రాన్సులో లాంజెవిన్ అనే శాస్త్రవేత్త క్వార్ట్జ్ బిళ్ళలతో అతిధ్వనిని నీళ్ళలోకి పంపాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1948లో నాగసాకి ప్రాంతపు ఫురునో సోదరులు చేపల వేటకు పనికొచ్చే ఫిష్ ఫైండర్‌ను వ్యాపారానికి తెచ్చారు. 1959లో లోరెన్స్ కంపెనీ వాళ్ళ చిన్న ఆకుపచ్చ పెట్టె సరదా బోట్లలోకి ఎక్కింది. మన తీరంలో సీసపు గుండు కట్టిన తాడు వేసి ఇన్ని బారల నీళ్ళని చెప్పుకునేవారు. ఇప్పటికీ చాలామంది సరంగులు పెట్టెను ఫాథమ్‌లలోనే పెట్టుకుంటారు, ఎందుకంటే అది బారకు దగ్గర. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల కేంద్రం) ఇచ్చే చేపల జాడ సమాచారంలో దిక్కు, దూరంతో పాటు లోతు కూడా ఉంటుంది గాని అది మీటర్లలో ఉంటుంది. 30 మీటర్లంటే 16 బారలకు కాస్త ఎక్కువ. పెట్టె తప్పు చూపిస్తోందన్న ఫిర్యాదుల్లో కొన్ని ఈ కొలమానం తేడా దగ్గరే తేలిపోతాయి.

కరెంటు వచ్చే దారి

నా అంచనాలో ఎక్కువ లోపాలు ఇక్కడే ఉంటాయి. ఎక్కువ పొరపాటు పరీక్షలు జరిగేదీ ఇక్కడే.

మామూలుగా జరిగేది ఇది. పెట్టె వెనక ప్లగ్గు ఊడదీసి, మల్టీమీటరు పిన్నులు పెట్టి చూస్తారు. 12.6 వోల్టులు కనిపిస్తాయి. కరెంటు బాగానే ఉంది, పెట్టే పోయిందని తేల్చేస్తారు. మీటరు దాదాపు ఏమీ కరెంటు తీసుకోదు. వైరులో ఇరవై పోగులుండి పంతొమ్మిది తెగిపోయినా, మిగిలిన ఒక్క పోగు మీదుగా మీటరుకు పూర్తి వోల్టేజి కనిపిస్తుంది. పెట్టె తగిలించి ఒక ఆంపియరు లాగిన క్షణంలో అది కూలిపోతుంది. కాబట్టి వోల్టేజిని భారం ఉండగా, పెట్టె చివర కొలవాలి. పెట్టె తగిలించి ఉండగా పిన్నులు అందకపోతే మెకానిక్ షాపుల్లో దొరికే 21 వాట్ల కారు ఇండికేటర్ బల్బు చాలు. అది 12 వోల్టుల దగ్గర 1.75 ఆంపియర్లు లాగుతుంది, అంటే చిన్న ఎకో సౌండర్‌కంటే ఎక్కువే. పెట్టె ప్లగ్గు దగ్గర ఆ బల్బు వెలిగించి మీటరు చూస్తే నిజం బయటపడుతుంది.

ఇంకో అడుగు వేస్తే లోపం ఉన్న చోటు కూడా దొరుకుతుంది. బల్బు వెలుగుతుండగా మీటరు ఒక పిన్ను బ్యాటరీ ప్లస్సు మీద, రెండోది పెట్టె చివర ప్లస్సు మీద పెట్టాలి. కనిపించే అంకె ఆ వైరులో మనం పోగొట్టుకుంటున్న వోల్టేజి. అలాగే మైనస్ వైపు. ఎక్కడ ఎక్కువ పోతోందో చూసి, అక్కడి నుంచి ఒక్కో లగ్గూ, ఒక్కో ఫ్యూజు హోల్డరూ దాటుకుంటూ వెనక్కి వస్తే చిలుము పట్టిన కీలు తనంతట తానే పట్టుబడుతుంది. మైనస్ వైపు మరిచిపోవడం సర్వసాధారణం. ప్లస్సు వైరు కొత్తది వేసి, మైనస్‌ను దగ్గర్లో ఉన్న ఏదో ఇనుప బోల్టుకో ఇంజన్ బాడీకో తగిలించిన బోట్లు ఏ రేవులోనైనా కనిపిస్తాయి. కరెంటు వెళ్ళినంత బాగా తిరిగి రావాలి. పెట్టె మైనస్ కూడా సొంత వైరుతో బ్యాటరీ వరకు పోవాలి.

పైన చెప్పిన అమెరికన్ కౌన్సిల్ ప్రమాణం ఈ-11 ముఖ్యమైన పరికరాలకు వైరులో పోయే వోల్టేజి 3 శాతం మించకూడదంటుంది. 12 వోల్టుల మీద అది 0.36 వోల్టు. ఈ అంకెను మన బోటుకు అన్వయించి చూద్దాం. బ్యాటరీ నుంచి పెట్టెకు 5 మీటర్ల దూరమంటే కరెంటు నడిచేది పోనూ రానూ 10 మీటర్లు. 0.75 చదరపు మిల్లీమీటర్ల పోగుల వైరు కిలోమీటరుకు సుమారు 26 ఓములు, అంటే మన 10 మీటర్లకు 0.26 ఓము. సౌండర్ ఒక్కటే ఒక ఆంపియరు లాగితే పోయేది పావు వోల్టు, ఫరవాలేదు. కానీ అదే జతకు వీహెచ్‌ఎఫ్ కూడా తగిలించారనుకోండి. రేడియోలో 25 వాట్ల మీద మాట్లాడేటప్పుడు అది 5 ఆంపియర్లు పైనే తీసుకుంటుంది. వెంటనే మరో 1.3 వోల్టులు పోయాయి. రాత్రంతా లైట్లు వెలిగి బ్యాటరీ 12 దగ్గరుంటే, పెట్టెకు అందేది పదిన్నరే. కీళ్ళలో చిలుము ఉంటే ఇంకా తక్కువ. చాలా పెట్టెలు 10 వోల్టుల చుట్టుపక్కలే ఆరిపోతాయి. రేడియో బటను నొక్కినప్పుడల్లా సౌండర్ ఆరిపోతుంటే రేడియో తరంగాలు దానికి పడట్లేదంటారు. నిజానికి వైరు సన్నం. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరయితే రేడియో వల్ల పోయేది 0.4 వోల్టే. రెండు పరికరాలకూ వేర్వేరు జతలు వేస్తే ఆ గొడవే లేదు.

బ్యాటరీకి నేరుగా తగిలించాలా, స్విచ్ ప్యానెల్ మీదుగా తేవాలా అన్నది పాత తగువు. నేరుగా తగిలిస్తే మధ్యలో కీళ్ళు తక్కువ, ఇతర పరికరాల రొద తక్కువ. మాన్యువళ్ళలో చాలావరకు ఇటే మొగ్గుతాయి. ప్యానెల్ అయితే అన్నిటినీ ఒకేచోట ఆపవచ్చు, ఫ్యూజులు వెతుక్కోనక్కర్లేదు. మన చిన్న బోట్లకు నేను నేరుగా తగిలించడాన్నే సమర్థిస్తాను, ఒక షరతు మీద: ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. చిన్న పెట్టెలకు సాధారణంగా 3 ఆంపియర్ల ఫ్యూజు ఇస్తారు. దాన్ని పెట్టె దగ్గర పెట్టేవాళ్ళున్నారు, కళ్ళముందు ఉంటే మార్చుకోవడం తేలికని. ఫ్యూజు కాపాడేది ముఖ్యంగా వైరును. ఇంజన్ పక్కన వైరు తోలు ఊడి షార్టయితే, పెట్టె దగ్గరున్న ఫ్యూజు దాకా ఆ కరెంటు రాదు. దారిలోనే వైరు కాలుతుంది, పక్కనే డీజిలు డబ్బా ఉంటుంది.

సెల్ఫ్ కొట్టినప్పుడు పెట్టె ఆరి మళ్ళీ వెలగడం జబ్బు కాదు, స్టార్టరు వందల ఆంపియర్లు లాగడంతో బ్యాటరీ కుంగుతుంది. వేరే బ్యాటరీ మీద పెడితే పోతుంది, లేదా ఇంజన్ స్టార్టయ్యాక పెట్టె వేసుకుంటే సరిపోతుంది. చేత్తో తాడు లాగి స్టార్టు చేసే చిన్న ఇంజన్లలో చాలావాటికి ఛార్జింగే ఉండదు. బ్యాటరీని ఇంటికి మోసుకెళ్ళి ఛార్జ్ చేసుకుని తెస్తారు. అలాంటిచోట వేట చివరి గంటల్లో మాత్రమే అంకె పోతోందంటే ఎక్కువ ఆలోచించక్కర్లేదు. పెద్ద మరబోట్లలో 24 వోల్టులుంటాయి. రెండు బ్యాటరీల్లో ఒకదాని మీంచి 12 వోల్టులు లాక్కోవడం అక్కడి సులువు ఉపాయం. దానివల్ల ఒక బ్యాటరీ ఎప్పుడూ అరకడుపుతో, రెండోది అతిఛార్జితో ఉండి రెండూ తొందరగా చస్తాయి. 24 నుంచి 12కు మార్చే కన్వర్టరే దారి. అయితే చవక కన్వర్టర్లు మరో తలనొప్పి తెస్తాయి, అది తర్వాత చెబుతాను.

కీళ్ళ విషయంలో ప్రమాణాలకూ రేవు అలవాటుకూ మధ్య దూరం ఎక్కువ. రేవులో పోగులు మెలేసి ఇన్సులేషన్ టేపు చుడతారు. ఎండకు టేపు జిగురు కరిగి జారుతుంది, ఉప్పునీరు లోపలికి దిగుతుంది, పోగుల మధ్య సందుల్లో పాకి అడుగుల కొద్దీ పోతుంది. పైన తోలు నిగనిగలాడుతున్నా లోపల రాగి నల్లబడి ఉంటుంది. అందుకే పాత వైరు కొస కోసి కొత్త లగ్గు వేసేటప్పుడు రాగి మెరుపు కనిపించేదాకా వెనక్కి కోస్తూ పోవాలి. కనిపించకపోతే వైరే మార్చాలి. సోల్డరింగ్ వేస్తే గట్టిగా ఉంటుందని కొందరి నమ్మకం. కరిగిన సీసం పోగుల్లోకి పాకి, అది ఆగిన చోట వైరు కర్రలా బిగుసుకుంటుంది. ఇంజన్ అదురుకు సరిగ్గా అక్కడే తెగుతుంది. ఈ-11 సోల్డరింగ్ ఒక్కదాని మీదే కీలు నిలబడకూడదంటుంది. మంచి క్రింపింగ్ పనిముట్టుతో బిగించిన లగ్గు, దాని మీద లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ గొట్టం, ఇవి ఇప్పుడు ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతున్నాయి. తగరపు పూత ఉన్న మెరైన్ వైరు మన ఊళ్ళలో అంత తేలిగ్గా దొరకదు, ఖరీదూ ఎక్కువే. అది దొరకలేదని పని ఆపక్కర్లేదు. సన్నపోగులు ఎక్కువున్న మామూలు రాగి వైరును కొసల దగ్గర పూర్తిగా మూసేస్తే చాలాకాలం వస్తుంది. ఇళ్ళకు వేసే ఒంటి తీగ వైరు మాత్రం బోటులోకి రాకూడదు, అదురుకు విరుగుతుంది.

ట్రాన్స్‌డ్యూసర్, దాని కేబులు

కేబులు కొయ్యవద్దని తయారీదారులందరూ ఒక్క గొంతుతో చెబుతారు. కోస్తే వారంటీ పోతుంది. దీన్ని మూఢనమ్మకంగా కొట్టిపారేసేవాళ్ళున్నారు. వాళ్ళ వాదనలో కొంత పస ఉంది, జంక్షన్ బాక్సులు, ఎక్స్‌టెన్షన్ కేబుళ్ళు అమ్మేదీ ఆ తయారీదారులే కదా. వాస్తవం మధ్యలో ఉంది. సంకేతం మోసే జత, దాని చుట్టూ ఉండే జల్లెడ పొర (షీల్డు), వీటి అమరిక చెడకుండా, పొర తెగకుండా, నీళ్ళు దిగకుండా అతికితే పని చేస్తుంది. ఎలక చేసిన గాయానికి కేబులంతా మార్చనక్కర్లేదు. కానీ పొరను పక్కకు లాగి టేపు చుట్టిన అతుకు, బయటి రొదను పట్టి లోపలికి పంపే యాంటెన్నా అవుతుంది. పొడవు ఎక్కువైందని కొయ్యడంలో మాత్రం అర్థం లేదు. మిగిలిన కేబులును వదులుగా చుట్టి ఇంజన్‌కు దూరంగా పొడిచోట కట్టాలి.

బిళ్ళ బతికుందో లేదో తెలుసుకునే చిన్న పరీక్షలున్నాయి. పెట్టె నడుస్తుండగా ట్రాన్స్‌డ్యూసర్‌ను చెవి దగ్గర పెడితే చాలావాటిలో టిక్ టిక్ మని వినిపిస్తుంది. వినిపిస్తే తాపు అక్కడిదాకా చేరుతోందన్నమాట. గాలిలో ఎక్కువసేపు నడపకూడదు. పెట్టె ఆపి ప్లగ్గు తీసి, సంకేతపు జత మధ్య ఓములు కొలిస్తే సాధారణంగా మీటరు ఏమీ చూపించదు. తక్కువ ఓములు చూపిస్తే నీళ్ళు దిగినట్టో కేబులు నలిగినట్టో. నీటి ఉష్ణోగ్రత చూపే రకమయితే దానికో అదనపు జత ఉంటుంది. చాలా మోడళ్ళలో 25 డిగ్రీల దగ్గర అది 10 కిలోఓముల చుట్టూ ఉంటుంది. తెర మీద ఉష్ణోగ్రత సక్రమంగా ఉండి లోతు మాత్రం రాకపోతే ప్లగ్గు పూర్తిగా ఊడలేదని తెలుస్తుంది. బకెట్ నీళ్ళలో ముంచి లోతు రాలేదనే వాళ్ళకు ఒక మాట: తాపు కొట్టాక బిళ్ళ అదురు ఆగేలోపే అంత దగ్గరి ప్రతిధ్వని వచ్చేస్తుంది, పెట్టె దాన్ని చదవలేదు. జెట్టీ మీంచి మనిషి లోతు నీళ్ళలోకి వేలాడదీసి చూడాలి.

ఇంకో తమాషా. పెట్టె సిమ్యులేటర్ మోడ్‌లో ఉండిపోతే చెట్టు కింద నిలబెట్టిన బోటులో కూడా ఇరవై బారల నీళ్ళూ, బారులు తీరిన చేపలూ కనిపిస్తాయి.

బిగించే చోటు వైరింగ్ విషయం కాదనుకుంటారు. కానీ వైరు లోపమని అనుమానించే వాటిలో పెద్ద వాటా బిగింపుదే. నిలబడినప్పుడు లోతు చక్కగా చూపించి, వేగం పెంచగానే పోతే అది నూటికి తొంభై పాళ్ళు గాలి బుడగల పని. బోటు వెనక పలకకు బిగించే రకాన్ని ప్రొపెల్లర్‌కు ఒకటిన్నర అడుగు దూరంలోనైనా పెట్టాలి. ఆకులు కిందికి దిగే వైపు పెట్టాలి. మామూలు కుడిచేతి ప్రొపెల్లర్‌కు అది కుడి వైపు. అడుగు భాగంలో ముందు నుంచి వచ్చే గాట్లు, బోల్టు తలలు, నీళ్ళు తీసుకునే రంధ్రాలు ఏవైనా ఉంటే వాటి వెనక పెట్టకూడదు. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం అడుగు కంటే కొద్ది మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. ముఖం మీద గుల్ల, నాచు, మందపాటి రంగు పొర పట్టినా శబ్దం చస్తుంది. రోజుల తరబడి ఎండలో ఆరిన ముఖాన్ని సబ్బు నీళ్ళతో తుడిస్తే గాలి పొర వదిలి వెంటనే నీళ్ళు అంటుకుంటాయి.

మన తీరానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. హార్బర్ లేని ఊళ్ళలో ఫైబర్ బోటు రోజూ అలల మధ్యనుంచి ఇసుక మీదికి ఎక్కాలి. వెనక పలకకు కిందికి వేలాడే ఏ వస్తువూ అక్కడ నాలుగు రోజులు మిగలదు. అడుగుకు రంధ్రం చేసి బిగించే రకమూ అంతే. దీనికి రేవుల్లో కనిపించే జవాబు గొట్టపు కర్ర, దాని చివర ట్రాన్స్‌డ్యూసర్. వేట దగ్గర పక్కనుంచి దించి, తిరిగొచ్చేటప్పుడు పైకి లాగుతారు. చవక, మంచి ఉపాయమే. దాని బలహీనత కేబులు వంగే చోటు. రోజూ అక్కడే వంగి, రెండు సీజన్లలో లోపలి పోగులు తెగుతాయి. కర్రను కదిపితే అంకె వస్తూ పోతూ ఉంటుంది. కేబులును కర్ర పైకొస నుంచి పెద్ద వంపుతో వదులుగా వదలాలి, వంగే చోటికి గొట్టం తొడగాలి.

రెండో దారి, ట్రాన్స్‌డ్యూసర్‌ను బోటు లోపలే అడుగుకు అతికించడం. శబ్దం ఫైబర్ పొర గుండా పోతుంది. సరదా బోట్లవాళ్ళలో దీని మీద వాదోపవాదాలు ఎక్కువ, కొంత బలం పోతుందనేది నిజం. కానీ తీరం మీదికి ఎక్కే బోటుకు నా ఓటు దీనికే, అడుగు గట్టి ఫైబర్ అయితే. లోపల నురుగో, చెక్కో, ప్లైవుడ్డో మధ్యపొరగా ఉంటే శబ్దం దాటదు. చెక్క బోట్లకూ ఈ పద్ధతి పనికిరాదు. అతికించే ముందు ఒక పాలిథిన్ సంచిలో నీళ్ళు పోసి అడుగున పెట్టి, సంచి కింద నేలను తడిపి, ట్రాన్స్‌డ్యూసర్ అందులో పెట్టి చూడాలి. తర్వాత అదే చోట బోటు పక్కనుంచి నీళ్ళలోకి దించి చూడాలి. రెండు అంకెలూ దగ్గరుంటే సరే. అతికించడానికి ఎపాక్సీ వాడాలి, దానిలో ఒక్క బుడగ కూడా మిగలకుండా నొక్కాలి. చాలామంది చేతికి దొరికిన సిలికాన్ పూస్తారు, అది శబ్దాన్ని మింగేస్తుంది. ఈ రకంలో నీటి ఉష్ణోగ్రత నమ్మదగింది కాదు.

రొద, సెట్టింగులు, డేటా వైర్లు

తెర నిండా చుక్కలు, నిలువు గీతలు, ఉన్నట్టుండి అంకె గెంతడం, ఇవి రొద లక్షణాలు. మన బోట్లలో రొద పుట్టించేవి పెరుగుతున్నాయి: ఎల్‌ఈడీ లైట్లు, చవక కన్వర్టర్లు, ఫోను ఛార్జర్లు, ఆల్టర్నేటరు, వీహెచ్‌ఎఫ్. ఇప్పుడు ప్రభుత్వం ఇస్తున్న ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్‌కూ కరెంటు అదే బ్యాటరీ నుంచి వస్తోంది. మూలాన్ని పట్టే పద్ధతి ఒక్కటే, అన్నీ ఆపి, ఇంజన్ కూడా ఆపి, ఒక్కొక్కటే వేస్తూ రావడం.

దీనికి తోడుగా నేను అన్నిటికంటే విలువైందిగా భావించే పరీక్ష ఒకటుంది. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. పెట్టెను బోటు కరెంటు నుంచి పూర్తిగా విడదీసి, ఫ్యూజుతో ఈ చిన్న బ్యాటరీకి తగిలించి, వేటకు వెళ్ళాలి. లోపం పోతే తప్పు కరెంటు దారిలో ఉంది: సన్నవైరు, చిలుము, వైరు మీదుగా వచ్చే రొద. లోపం అలాగే ఉంటే కరెంటు దారి నిర్దోషి. ఇక చూడాల్సింది ట్రాన్స్‌డ్యూసర్, కేబులు, దాని పక్కనుంచి పోయే ఇతర వైర్లు. ఒక్క ప్రయాణంతో సమస్య సగానికి తెగుతుంది. కేబులే రొద పడుతోందని తేలితే దాన్ని స్పార్క్ ప్లగ్ వైర్లకూ, యాంటెన్నా కేబులుకూ, కన్వర్టర్‌కూ దూరంగా మళ్ళించాలి. తప్పనిసరిగా దాటాల్సి వస్తే అడ్డంగా దాటించాలి, పక్కపక్కనే కట్టకూడదు. రొదను అణిచే ఫెరైట్ పూసలు చివరి మందు. వాటిని ముందే తగిలించుకుంటే జబ్బు దాగుతుంది. పక్క బోటు కూడా అదే 200 కిలోహెర్ట్జ్ మీద తాపులు పంపుతుంటే గీతలు పడతాయి, అది దూరం జరిగితే పోతాయి. దానికి వైరింగ్‌తో సంబంధం లేదు.

అంకె నిలకడగా ఉండి తప్పుగా ఉంటే వైర్లు విప్పకండి. ఎప్పుడూ ఒకే తేడా ఉంటే అది ఆఫ్‌సెట్, పెట్టె లోతును ట్రాన్స్‌డ్యూసర్ నుంచి చెబుతోందా, నీటి మట్టం నుంచా, బోటు వెన్నుదూలం (కీల్) అడుగు నుంచా అన్నది. లోతుతో పాటు తేడా పెరుగుతుంటే కొలమానమో, శబ్ద వేగమో. చాలా పెట్టెలు 1500 మీటర్లనే లెక్కకు తీసుకుంటాయి, వెచ్చని ఉప్పునీటిలో నిజమైన వేగం కాస్త ఎక్కువ కాబట్టి నిజమైన లోతూ రెండు మూడు శాతం ఎక్కువుంటుంది. సరిగ్గా రెట్టింపు చూపిస్తే గట్టి అడుగు మీంచి వచ్చిన రెండో ప్రతిధ్వనిని పట్టుకుందన్నమాట. హోప్ ఐలాండ్ వెనక కాకినాడ నీళ్ళలాగా లోతు తక్కువుండి బురద మెత్తగా ఉన్నచోట మరో చిత్రం జరుగుతుంది. 200 కిలోహెర్ట్జ్ బురద పైభాగాన్ని చూపిస్తే, 50 దానిలోకి దిగి కిందున్న గట్టి పొరను చూపించవచ్చు. పూడుకుపోయిన మొగ దాటేటప్పుడు ఏ అంకెను నమ్మాలో ముందే నిర్ణయించుకోవాలి. నేనైతే 200నే నమ్ముతాను.

డేటా వైర్లు మన చిన్న బోట్లలో ఇంకా అరుదు, కాబట్టి రెండు మాటలు చాలు. 1983లో వచ్చిన డేటా ప్రమాణం ఎన్‌ఎంఈఏ 0183లో ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్ళు వింటారు. మాట్లాడే రెండు పరికరాలను ఒకే జతకు కలిపితే ఎవరి మాటా వినపడదు. లోతు ఎక్కువగా వచ్చేది డీబీటీ, డీపీటీ అనే వాక్యాల్లో. జీపీఎస్ తెర మీద లోతు రాకపోతే రెండు పెట్టెల్లో డేటా వేగం సెట్టింగు 4800 ఉందో లేదో చూడాలి, ఆ తర్వాత వైర్లు తారుమారయ్యాయేమో చూడాలి. ఎన్‌ఎంఈఏ 2000లో వెన్నెముక కేబులుకు రెండు కొసలా 120 ఓముల టర్మినేటర్లుంటాయి. కరెంటు ఆపి తెలుపు, నీలం వైర్ల మధ్య కొలిస్తే 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక టర్మినేటర్ లేదు, 40 వస్తే ఎవరో మూడోది పెట్టారు.

కొత్తగా బిగించే వాళ్ళు ఆ రోజే కొన్ని అంకెలు రాసి పెట్టె వెనక అంటించుకుంటే తర్వాత పని చాలా తగ్గుతుంది: ఇంజన్ ఆపి ఉన్నప్పుడు, నడుస్తున్నప్పుడు, రేడియో బటను నొక్కినప్పుడు పెట్టె చివర వచ్చిన వోల్టేజి. ట్రాన్స్‌డ్యూసర్ ప్లగ్గు దగ్గర కొలిచిన ఓములు. జెట్టీ దగ్గర తాడు వేసి కొలిచిన లోతూ, అదే చోట తెర చూపిన లోతూ. పెట్టుకున్న ఆఫ్‌సెట్. ఏడాది తర్వాత అంకె పోయినప్పుడు వీటిలో ఏది మారిందో చూస్తే, ఏ వైరు విప్పాలో అదే చెబుతుంది.